ఫైబర్ వస్తోందని రౌటర్ కొంటున్నారా? టీపీ-లింక్ ఆర్చర్ ఏఎక్స్23 మా ఇంట్లో ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా. మీరు తీసుకోబోయే ప్లాన్ 100 నుంచి 300 ఎంబీపీఎస్ మధ్యలో ఉండి, ఇల్లు రెండు మూడు బెడ్రూములదైతే ఆర్చర్ ఏఎక్స్23 చాలు, అంతకన్నా ఎక్కువ పెట్టక్కర్లేదు. మిగిలిన డబ్బులో కొంత తీసి మంచి క్యాట్6 రకం లాన్ వైరు కొనండి, రౌటర్‌ని హాల్లో టీవీ వెనక కాకుండా ఇంటి నడిమధ్యకి తెచ్చుకోండి. తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. మిగతాదంతా ఇదే ఎందుకు తీసుకున్నాం, కనెక్షన్ ఇచ్చే కుర్రాడు వచ్చినప్పుడు ఏం చూసుకోవాలి, కొన్నాక ఎలా ఉంది అన్న సంగతులు. కాస్త పొడుగే.

మాది మల్కాజిగిరిలో పాతకాలం ఇల్లు, మేముండేది పై పోర్షన్. ఇన్నేళ్ళూ మా వీధిలో నెట్ అంటే స్తంభానికి వేలాడే ఇనప డబ్బాలో ఒక స్విచ్చు, అందులోంచి డాబాల మీదుగా, పిట్టగోడల మీదుగా పాక్కుంటూ వచ్చి కిటికీలోంచి దిగే మామూలు లాన్ వైరు. ఎండకి ఎండి వానకి తడిసి దాని పైతొడుగు పెళుసెక్కిపోయింది. ఉరుములతో గాలివాన వచ్చిందంటే మర్నాడు వీధిలో ఎవరో ఒకరి రౌటర్ పోర్టు కాలిపోయి ఉంటుంది. రాగి తీగ కదా, పిడుగు ఎక్కడో పడ్డా ఆ దెబ్బ వైరు పట్టుకుని లోపలిదాకా వచ్చేస్తుంది. ఫైబర్ గాజు పోగు, అందులోంచి కరెంటు రాదు. నన్నడిగితే ఆ ఒక్క కారణానికే మారిపోవచ్చు, స్పీడు సంగతి తర్వాత. హైదరాబాద్‌లో 1 జీబీపీఎస్ ప్లాన్ 2017లోనే యాక్ట్ వాళ్ళు పెట్టారు, జియో ఫైబర్ 2019 సెప్టెంబర్‌లో మొదలైంది, కానీ మా గల్లీలో వైర్లన్నీ ఒక లోకల్ ఆపరేటర్ చేతిలో ఉండటంతో ఆయనకి బుద్ధి పుట్టేదాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు దాదాపు పాత బిల్లుకే 200 ఎంబీపీఎస్ ఇస్తామంటున్నారు. మరి మా పాత రౌటర్ అంత స్పీడు మోయగలదా అన్నది ప్రశ్న.

మోయలేదు. ఎందుకో తెలుసుకోవడానికి ఏ యూట్యూబ్ వీడియో అక్కర్లేదు, కంపెనీ సైట్లో ఆ మోడల్ పేజీకి వెళ్ళి పోర్టుల దగ్గర ఏం రాశారో చూస్తే చాలు. 10/100 అని ఉంటే ఆ పోర్టు 100 ఎంబీపీఎస్‌కి మించి ఇవ్వదు, గిగాబిట్ అనో 10/100/1000 అనో ఉంటేనే 200 ప్లాన్‌కి పనికొస్తుంది. వినడానికి చిన్న విషయమే, కొనేవాళ్ళలో సగం మంది బోల్తా పడేది ఇక్కడే. మా పక్కింటివాళ్ళు మాకన్నా ముందే ఫైబర్ పెట్టించుకున్నారు, స్పీడ్ టెస్టు ఎన్నిసార్లు చేసినా 94 దగ్గర ఆగుతోందని ఆపరేటర్‌తో రోజూ గొడవ. 93, 94, 95, ఈ అంకెల దగ్గర ఆగిపోయి అంగుళం కదలట్లేదంటే తప్పు ప్లాన్‌ది కాదు, మధ్యలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టో వైరో ఉందని అర్థం. వాళ్ళ రౌటర్ డబ్బా మీద మాత్రం ఏసీ1200 అని పెద్ద అక్షరాలు. అంటే వైఫై నడిచే రెండు బ్యాండ్లలో (రేడియో దారుల్లో) 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867, రెండూ కూడి దగ్గర దగ్గరగా 1200 అన్నారు. వెనకున్న పోర్టులన్నీ వందవే. వెయ్యి లీటర్ల ట్యాంకు కట్టించి అరంగుళం పైపు బిగించినట్టు.

ఈ మాయ ఒకే కంపెనీలో, ఒకే సిరీస్‌లో కూడా కనిపిస్తుంది. ఆర్చర్ సీ50, ఆర్చర్ సీ6 రెండూ ఏసీ1200 రకమే, వైఫై అంకెలు రెండింటికీ అవే. సీ50లో పోర్టులు 10/100, సీ6లో గిగాబిట్. ఆన్‌లైన్లో రెండూ పక్కపక్కన కనిపిస్తాయి, ధరలో తేడా కొంచెమే, పేరు చూసి చవకది కొనేస్తారు. కాబట్టి అంకె ఎంత పెద్దదైనా ముందు పోర్టు చూడండి. అది తేలాక మిగతావి.

ఇప్పుడు ఉచిత రౌటర్ సంగతి. ఫైబర్ పెట్టేటప్పుడు వాళ్ళే ఓఎన్‌టీ అని ఒక డబ్బా ఇస్తారు. ఫైబర్‌లో వచ్చే కాంతిని మన పరికరాలకి అర్థమయ్యేలా మార్చేది అదే, అది లేకుండా కుదరదు. చాలావాటిలో వైఫై కూడా ఉంటుంది. అందుకే "వేరే రౌటర్ ఎందుకు మేడం, దండగ" అంటారు. చిన్న ఫ్లాటైతే నిజంగానే దండగ. కానీ ఒప్పుకునే ముందు రెండు విషయాలు అడగండి. అందులో 5 గిగాహెర్ట్జ్ ఉందా, ఒక్క 2.4 మాత్రమేనా? లాన్ పోర్టులన్నీ గిగాబిట్టేనా? కొన్ని డబ్బాల్లో మొదటి పోర్టు ఒక్కటే గిగాబిట్, మిగతా మూడూ వందవి ఉంటాయి, చూడటానికి నాలుగూ ఒకేలా ఉంటాయి. మాకు ఇస్తామన్నది 2.4 మాత్రమే ఉన్న రకం. మా వీధిలో ఫోన్ తీసి చూస్తే చుట్టుపక్కల ఇళ్ళ వైఫై పేర్లు స్క్రీన్ దాటి కిందికి పోతూనే ఉంటాయి, ఆ 2.4లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్ళు 1, 6, 11 అని మూడే. ఆ తొక్కిసలాటలో 200 ఎంబీపీఎస్ ఆశించడం గొంతెమ్మ కోరికే. 5 ఉన్న డబ్బా కావాలంటే డిపాజిట్ వేరే కట్టమన్నారు. ఆ డిపాజిట్ మీద ఇంకొంచెం వేస్తే సొంత రౌటరే వస్తుంది, అదీ మూడేళ్ళ వారంటీతో.

కొనడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్ళాం. ఆన్‌లైన్లో వంద రెండొందలు తక్కువకి దొరకొచ్చు, నాకు మాత్రం ఇలాంటివి డబ్బా విప్పి వెనక్కి తిప్పి చూస్తే గానీ తృప్తి ఉండదు. రౌటర్ గురించి అడుగుతున్నది నేను, షాపతను జవాబు చెబుతున్నది మా ఆయనకి. పక్కన నవ్వాపుకుంటూ "ఆవిడనే అడగండి బాబూ, నాకేం తెలీదు" అని ఆయన రెండు మూడుసార్లు అన్నాక ఇటు తిరిగాడు. తిరిగీ తిరగ్గానే వైఫై 7 తీసుకోండి మేడం, ఐదారేళ్ళు చూసుకోనక్కర్లేదు అని మొదలుపెట్టాడు.

వైఫై 5, 6 తర్వాత వచ్చిన కొత్త తరం వైఫై 7, చెడ్డదని కాదు. దాని గొప్పలో పెద్ద భాగం 320 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానళ్ళలో ఉంది (రోడ్డు వెడల్పయితే ఎక్కువ బళ్ళు పోయినట్టు), అంత చోటు 6 గిగాహెర్ట్జ్ బ్యాండులోనే దొరుకుతుంది. మన దేశంలో 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చేందుకు టెలికాం శాఖ ముసాయిదా నియమాలు ఇచ్చింది 2025 మేలో. అంటే మొత్తం 500 మెగాహెర్ట్జ్, అందులో 320 చానల్ ఒక్కటే పడుతుంది. పైగా తక్కువ ధరలో దొరికే వైఫై 7 రౌటర్లలో చాలావాటికి 6 గిగాహెర్ట్జ్ రేడియోనే ఉండదు, 2.4, 5 మాత్రమే. అలాంటిది కొని 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కి తగిలించి ఏం చేసుకోవాలి? మా ఇంట్లో ఫోన్లన్నీ వైఫై 5, వైఫై 6 వే. అత్తయ్య ఫోన్ అయితే అంతకన్నా పాతది, ఆవిడ అది మార్చదు.

తర్వాత ఏఎక్స్53, ఏఎక్స్55 చూపించాడు. ఇవి ఏఎక్స్3000 రకం. 5 గిగాహెర్ట్జ్ మీద 2402 అని రాసుంటుంది, ఏఎక్స్23కి అక్కడ 1201. సరిగ్గా రెట్టింపు. ఈ రెట్టింపు 160 మెగాహెర్ట్జ్ చానల్ వాడితేనే వస్తుంది, అది రావాలంటే అవతలి పరికరానికి కూడా 160 పట్టాలి. చాలా ఐఫోన్లు 5 గిగాహెర్ట్జ్‌లో 80 దగ్గరే ఆగుతాయి, వాటికి ఏ రౌటర్ పెట్టినా లింకు, అంటే ఫోనూ రౌటరూ మాట్లాడుకునే స్పీడు, 1200 దాటదు. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్201 లాంటి కార్డులున్న ల్యాప్‌టాప్‌లకి 160 పడుతుంది. ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది, నా ఆఫీసుది, దానికి కావాల్సింది వీడియో కాల్. ఇంకోటి, 160 వాడితే ఆ చానల్లో కొంత భాగం రాడార్లు వాడే ఫ్రీక్వెన్సీల మీదికి వెళ్ళక తప్పదు. అక్కడ రౌటర్ ముందు ఒక నిమిషం గమ్మున విని, రాడార్ ఏదీ లేదనుకున్నాకే మొదలుపెట్టాలి, మధ్యలో రాడార్ వినిపిస్తే చానల్ వదిలి పారిపోవాలి. మీటింగ్ మధ్యలో ఆ టెన్షన్ ఎవరికి కావాలి. ఏఎక్స్55కి యూఎస్‌బీ పోర్టు ఉంది, హార్డ్ డిస్కు తగిలించి ఇంట్లో అందరూ చూసుకోవచ్చు, సినిమాలు దాచుకునే వాళ్ళకి అది పనికొస్తుంది. ఏఎక్స్23కి యూఎస్‌బీ లేదు. మాకు అక్కర్లేదు.

అలా ఒక్కోటీ పక్కన పెట్టుకుంటూ వస్తే సీ6, ఏఎక్స్23 మిగిలాయి. ఖర్చు బాగా తగ్గించుకోవాలనుకుంటే సీ6 కూడా తప్పేం కాదు, 200 ప్లాన్‌ని హాయిగా మోస్తుంది. ఏఎక్స్23 వైపు మొగ్గడానికి కారణం, అది వైఫై 6 కావడంతో 2.4 మీద కూడా 574 దాకా లింకు, వైఫైకి కొత్త రకం రక్షణ డబ్ల్యూపీఏ3 ఉంది, ఒకేసారి ఎక్కువ పరికరాలు తగులుకుని ఉన్నప్పుడు తట్టుకుంటుంది. లెక్కపెడితే మాకే ఆశ్చర్యమేసింది. ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్‌లు, గేటు దగ్గర కెమెరా, గీజర్‌కి పెట్టిన స్మార్ట్ ప్లగ్, మామయ్యగారి ట్యాబ్, అన్నీ కలిపి డజను దాటాయి. వెనక బయటి నెట్ వచ్చే వాన్ పోర్టు ఒకటి, ఇంట్లో పరికరాలకి లాన్ పోర్టులు నాలుగు, ఐదూ గిగాబిట్టే. ధర నాలుగు వేల పైచిలుకు పడింది. ధరలు వారానికోలా ఉంటాయి కాబట్టి కొనేరోజు రెండు చోట్ల చూసుకోండి.

రౌటర్ కన్నా నేను ఎక్కువసేపు చూసింది వైరు. అదే షాపుల్లో మీటరు లెక్కన అమ్ముతారు, క్యాట్6 అని పైన అచ్చేసి ఉంటుంది, రేటులో తేడా చూస్తే అనుమానం వస్తుంది. లోపలి తీగని బ్లేడుతో కొంచెం గీకమనండి. రాగి రంగు పోయి తెల్లగా మెరిసిందంటే అది అల్యూమినియం మీద రాగి పూత, వదిలేయండి. ఎంత గీకినా ఎర్రగానే ఉంటే అసలు రాగి. షాపతను మొదట ముఖం చిట్లించినా లోపలికెళ్ళి వేరే చుట్ట తెచ్చాడు. ఆ చుట్ట తేవడంతోనే తెలిసిపోయింది మొదటిదేమిటో.

ఇక కనెక్షన్ రోజు. కుర్రాడు మంచివాడే, పాపం ఎండలో స్తంభాలెక్కి వచ్చాడు, మజ్జిగ ఇచ్చాక కాస్త మాట కలిపాడు. కిటికీలోంచి నల్లటి సన్నటి వైరు లాగి, చివర పచ్చ కనెక్టర్ బిగించి, చేతిలో మీటర్ పెట్టి చూశాడు. ఎంతొచ్చింది అని అడిగితే మైనస్ 21 అన్నాడు, ఫైబర్‌లో మనదాకా వచ్చే కాంతి బలం అది, డీబీఎంలలో. ఈ అంకె అడిగి రాసిపెట్టుకోండి. ఇళ్ళకి వచ్చే జీపాన్ రకం ఫైబర్‌లో మైనస్ 8 నుంచి మైనస్ 27 దాకా నడుస్తుంది, మైనస్ పెరిగేకొద్దీ కాంతి తగ్గినట్టు, మైనస్ 25, 26 వచ్చిందంటే ఇవాళ పనిచేసినా రేపు వానకో వంపుకో ఓఎన్‌టీలో ఎర్ర లైటు వెలుగుతుంది. అప్పుడు "మొదట్లో 21 ఉండేది, ఇప్పుడు ఎంతో చూడండి" అంటే అవతలివాళ్ళు మాట దాటేయలేరు. వైరుని తలుపు సందులో నొక్కేయనివ్వకండి, కిటికీ మూల దగ్గర కాగితం మడిచినట్టు మడవనివ్వకండి. గాజు పోగని వాళ్ళకీ తెలుసు, తొందరలో మరిచిపోతారు.

"ఇక్కడే పెట్టేస్తా మేడం, టీవీ పక్కనే, వైరు సరిపోదు" అని అందరితో అనేదే మాతోనూ అన్నాడు. ఓఎన్‌టీ అక్కడే పెట్టమన్నాం, దానికేం అభ్యంతరం లేదు. మా ఇల్లు రైలు పెట్టెలా పొడుగు. ముందు హాలు, మధ్యలో డైనింగు, దాని పక్కన పూజగది, వెనక రెండు బెడ్రూములు. గోడలు తొమ్మిదంగుళాల ఇటుకవి. పైగా డైనింగుకీ వెనక గదికీ మధ్య గోడకి ఆనించి ఇనప బీరువా, దానికి నిలువుటద్దం. 5 గిగాహెర్ట్జ్ ఒక గోడ దాటేసరికి నీరసపడుతుంది, రెండో గోడకి ఊపిరాడదు, ఇనుమూ అద్దమూ ఎదురొస్తే ఇక అంతే. ఈ గోడల్ని దాటించడానికి పదివేల రౌటర్ కొన్నా లాభం లేదు, ఎందుకంటే రౌటర్ ఎంత గట్టిగా అరవొచ్చో నియమాలే హద్దు పెడతాయి, పైగా మన ఫోన్ తిరిగి అంత గట్టిగా అరవలేదు. యాంటెన్నాలు నాలుగుంటే రెట్టింపు దూరం పోతుందనేది ఉత్త మాట. అందుకే ఓఎన్‌టీ హాల్లో ఉంచి, అక్కడి నుంచి క్యాట్6 వైరు తలుపు పైన అంచు వెంబడి తెల్లటి కేసింగ్‌లో లాగించి, ఏఎక్స్23ని డైనింగులో ఎత్తు మీద చెక్క షెల్ఫులో పెట్టాం. ఎలక్ట్రీషియన్ సాయంత్రానికల్లా పని ముగించాడు.

క్యాట్6 వైరు చివర్లకి జాకులు కొట్టేటప్పుడు పక్కనే నిలబడండి. పాత అలవాటు కొద్దీ నాలుగు తీగలే బిగించే వాళ్ళు ఇంకా ఉన్నారు, 1, 2, 3, 6 పిన్నులకి. వందకి నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. జాకు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి వెలుతురుకి పట్టుకుని చూస్తే కనిపిస్తాయి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే వరస, ఎనిమిదీ చివరిదాకా వెళ్ళి ఇత్తడి పళ్ళ కింద ఆగాలి. పక్కింటివాళ్ళ 94 కథలో రౌటర్ మార్చాక కూడా అంకె కదలకపోవడానికి కారణం ఇదే, వాళ్ళ జాకులో నీలం జతా గోధుమ జతా కత్తిరించేసి ఉన్నాయి. రౌటరూ వందదే, వైరూ వందదే. జాకు మళ్ళీ కొట్టించాక ఆ రోజే 190 దాటింది.

సెట్టింగ్ విషయానికొస్తే రెండు దారులున్నాయి. ఒకటి, ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (అంటే అది కాంతిని మార్చి ఊరుకుంటుంది, రౌటర్ పని చేయదు) పెట్టించి, ఆపరేటర్ నెట్‌లోకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మన రౌటర్లో ఇవ్వడం. ఇది శుభ్రమైన పద్ధతి, కానీ ఆపరేటర్ ఒప్పుకోవాలి, ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఓఎన్‌టీ నుంచే ల్యాండ్‌లైన్ ఫోన్ వస్తుంటే బ్రిడ్జ్ పెట్టాక కూడా అది మోగుతుందా అని ముందే అడగాలి. రెండోది, ఓఎన్‌టీనే రౌటర్‌గా వదిలేసి మనదాన్ని వైఫై మాత్రమే పంచే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చడం. మా ఆపరేటర్ బ్రిడ్జ్ అంటే "పైనుంచి పర్మిషన్ లేదండీ" అన్నాడు, ఆ పైన ఎవరో ఇప్పటికీ తెలీదు. కాబట్టి మాది రెండో పద్ధతి. ఏఎక్స్23లో ఆపరేషన్ మోడ్ అని ఉంటుంది, అక్కడ యాక్సెస్ పాయింట్ ఎంచుకుంటే అదే రీస్టార్ట్ అయి వస్తుంది. ఇది చేయకుండా రెండింటినీ రౌటర్లుగా వదిలేస్తే నెట్ వస్తుంది గానీ ఒక రౌటర్ వెనక ఇంకో రౌటర్ అయి ఆటలాడే పిల్లలకీ, బయటి నుంచి ఇంటి కెమెరా చూసేవాళ్ళకీ తలనొప్పి. ఓఎన్‌టీ వైఫై మాత్రం ఆపేయండి, లేకపోతే అదీ ఇదీ ఒకే చోట కొట్టుకుంటాయి. యాక్సెస్ పాయింట్ మోడ్‌తో పోయేదేమిటంటే పిల్లల ఫోన్‌కి టైమ్ పెట్టడం లాంటివి రౌటర్లో చేయలేం. మా అమ్మాయి సంతోషించింది.

కెమెరాల వాళ్ళకి ఇంకో మాట. బ్రిడ్జ్ పెట్టించుకున్నా రౌటర్ స్టేటస్‌లో వాన్ ఐపీ (ఆపరేటర్ మన రౌటర్‌కి ఇచ్చే నెట్ అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు పదిమందితో ఒకే బయటి అడ్రసు పంచుకుంటున్నట్టు లెక్క. బయటి నుంచి కెమెరాకి దారి ఇచ్చే పోర్ట్ ఫార్వార్డింగ్ ఎన్ని సార్లు పెట్టినా పనిచేయదు. రౌటర్ మార్చినా మారదు. స్టాటిక్ ఐపీ, అంటే మనకే ఉండే మారని అడ్రసు అడగాలి, లేదా కంపెనీ యాప్ ద్వారా చూసే కెమెరా వాడాలి. అలాంటివి ఏ గొడవా లేకుండా నడుస్తాయి.

పనితీరు. డైనింగులో, హాల్లో ఫోన్ మీద ప్లాన్ మొత్తం వస్తోంది, 190 నుంచి 205 మధ్య. అది ప్లాన్ హద్దు, రౌటర్ హద్దు కాదు. రౌటర్ సత్తా తెలియాలంటే పాత డెస్క్‌టాప్‌ని వైరుతో తగిలించి అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కి వైఫైలో డేటా పంపి చూడాలి, ఒకే గదిలో 600 ఎంబీపీఎస్ దాటింది. 1201 లింకులో సగం పైన, వైఫైకి అది మంచి లెక్కే. వెనక బెడ్రూమ్‌లో బీరువా అవతల 5 మీద 120 నుంచి 150. వైరు లాగకముందు ప్రయోగానికి దీన్నే హాల్లో ఓఎన్‌టీ పక్కన పెట్టి చూస్తే అదే వెనక గదిలో ముప్పై నలభై మధ్య ఊగిసలాడింది, తలుపేస్తే ఇంకా తగ్గింది. అదే రౌటర్, అదే ప్లాన్. కొన్ని మీటర్ల వైరు తెచ్చిన తేడా అది. రౌటర్ల మధ్య తేడాల మీద జనం కొట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చేది అందుకే.

మరి 200 అవసరమా అంటే, నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు 4కే కి అడిగేదే 15 ఎంబీపీఎస్. నేను కాల్‌లో, మా ఆయన కాల్‌లో, అత్తయ్య టీవీలో సీరియల్, అమ్మాయి ఫోన్లో ఏదో, అన్నీ ఒకేసారి నడిచినా యాభై దాటదు. స్పీడు కన్నా నాకు తెలిసొచ్చిన మార్పు కాల్స్ తెగకపోవడం. స్మార్ట్ టీవీకి వైరు పెడితే బాగుంటుందనుకునే వాళ్ళు ఒకటి చూసుకోండి, చాలా టీవీల లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే. స్పీడ్ టెస్టులో వైఫై కన్నా వైరు తక్కువ చూపిస్తే కంగారు పడక్కర్లేదు, సినిమాకి వంద చాలా ఎక్కువ.

చికాకులు లేకపోలేదు. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టే స్మార్ట్ కనెక్ట్ ఆన్ చేస్తే గీజర్ స్మార్ట్ ప్లగ్ జత కానంటుంది. ఇది ఈ రౌటర్ తప్పు కాదు, ఆ ప్లగ్గులకి 2.4 మాత్రమే తెలుసు, సెటప్ చేసే ఫోన్ 5లో ఉంటే వాటి యాప్‌లు తికమకపడతాయి. 2.4కి వేరే పేరు పెట్టి ప్లగ్గులూ కెమెరా అందులో పడేశాక గొడవ లేదు. అలాగే ఏ పాత పరికరమైనా డబ్ల్యూపీఏ3 అంటే మొరాయిస్తే డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉండే ఆప్షన్ పెట్టండి, మామయ్యగారి ట్యాబ్‌కి అలాగే చేశాం. రౌటర్‌ని ఫోన్లోంచి నడిపే టీపీ-లింక్ టెథర్ యాప్ బాగానే ఉంది, అయితే అన్ని సెట్టింగులూ అందులో ఉండవు, కొన్నింటికి బ్రౌజర్లో లాగిన్ అవ్వాల్సిందే.

ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఆటో అప్‌డేట్ తప్పకుండా ఆన్ చేయండి. దీని అన్నలాంటి ఏఎక్స్21లో ఒక లోపం బయటపడితే కంపెనీ 2023 మార్చిలో సరిచేసిన ఫర్మ్‌వేర్ ఇచ్చింది, అప్‌డేట్ చేసుకోని వాటిలోకి, పరికరాల్ని దొంగచాటుగా గుప్పిట్లోకి తెచ్చుకునే మిరాయ్ బాట్‌నెట్ ఏప్రిల్‌లోనే దూరడం మొదలుపెట్టింది. మందు ఇచ్చినా వేసుకోనివాళ్ళే ఎక్కువ. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు, రెండూ ఫోన్ నంబరే పెట్టేవాళ్ళని చూశాను, అదొద్దు.

కరెంటు పోతే నెట్ ఉండాలంటే మినీ యూపీఎస్ కావాలి. ఓఎన్‌టీ, రౌటర్ రెండింటికీ పవర్ కావాలని మరిచిపోతారు, ఒకటి ఆరిపోయినా రెండోది అలంకారానికే. రెండు అడాప్టర్ల మీదా వోల్టులు, ఆంపియర్లు చూసుకుని కొనండి. వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు యూపీఎస్ వైపు ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువుండకూడదు. మా రెండూ వేరు వేరు గదుల్లో ఉన్నాయి కాబట్టి రెండు యూపీఎస్‌లు కొనాల్సి వచ్చింది, డైనింగులో పెట్టినందుకు కట్టిన సుంకం అనుకోండి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళకి ఈ బాధ లేదు, ఆ ప్లగ్గు పాయింటు ఇన్వర్టర్ లైన్లో ఉందో లేదో మాత్రం ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

ఎవరు కొనకూడదంటే: 1 జీబీపీఎస్ ప్లాన్ తీసుకుంటున్నవాళ్ళు, యూఎస్‌బీ కావాలనుకునేవాళ్ళు ఏఎక్స్55 వైపు చూడండి. కిందా పైనా రెండంతస్తుల ఇల్లు మొత్తానికి ఒక్క రౌటర్‌తో సరిపెడదామనుకునేవాళ్ళకి ఇదీ చాలదు, పెద్దదీ చాలదు, స్లాబు దాటి 5 గిగాహెర్ట్జ్ దిగదు. రెండు చవక రౌటర్లు కొని, మెట్ల వెంబడి వైరు లాగించి, రెండోదాన్ని యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకోండి. మా ఇంటి కింది పోర్షన్ వాళ్ళకి ఈ నెలలో చేయబోతున్నది అదే, మా పాత రౌటర్ వాళ్ళకే ఇద్దామనుకున్నా గానీ దాని పోర్టులు వందవి, అందుకే సీ6 కొనమన్నాను.